సర్జ్ ప్రొటెక్షన్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సుల సేఫ్టీ టెస్టింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

లైనులో ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని సర్జ్ అంటారు. దాన్ని అడ్డుకునే ఎక్స్‌టెన్షన్ బాక్సునే స్పైక్ గార్డు అంటారు. కర్నూలు, అనంతపురం, కడప వైపు ఆఫీసులకు, కంప్యూటర్ ల్యాబులకు, అంగళ్ళకు మెయింటెనెన్స్ చూసే ఎలక్ట్రీషియన్ల కోసం రాసిన పేజీ ఇది. మల్టీమీటర్ పట్టుకోవడం తెలిసిన ఇంటివాళ్ళకూ సగానికి పైగా పనికొస్తుంది. ఇందులో చెప్పిన టెస్టుల్లో కరెంటు పెట్టి చేయాల్సినవి కొన్నే. వాటి దగ్గర ఆ మాట విడిగా చెప్పాం. మిగతావన్నీ బాక్సును గోడ నుంచి పూర్తిగా పీకేసి, దానికి తగిలించిన ప్లగ్గులన్నీ తీసేసి చేయాలి.

స్పైక్ గార్డుకూ మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సుకూ లోపల తేడా ఏంది?

మూత విప్పితే తెలిసిపోతుంది. మామూలు బాక్సులో మూడు ఇత్తడి పట్టీలు, ఒక స్విచ్చు, ఒక ఇండికేటర్ ఉంటాయి. స్పైక్ గార్డులో వీటితో పాటు నీలం రంగులోనో పసుపు రంగులోనో చొక్కా గుండీ కంటే కాస్త పెద్ద బిళ్ళలు ఒకటి నుంచి మూడు దాకా ఉంటాయి. అవే ఎమ్‌ఓవీలు (మెటల్ ఆక్సైడ్ వేరిస్టర్లు). మామూలు వోల్టేజీ దగ్గర ఈ బిళ్ళ కరెంటును దాదాపు పోనివ్వదు. వోల్టేజీ ఒక హద్దు దాటిందంటే ఒక్కసారిగా దారి వదిలి, ఆ ఎక్కువ వోల్టేజీని తన గుండా మళ్ళిస్తుంది.

చవక బాక్సుల్లో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఒకే బిళ్ళ ఉంటుంది. మంచివాటిలో ఫేజు నుంచి ఎర్త్‌కు ఒకటి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు ఇంకొకటి కూడా పెడతారు. టెస్టింగులో వచ్చే తికమకంతా ఎర్త్ వైపు ఉన్న ఈ రెండు బిళ్ళలతోనే.

కొత్త బాక్సే కదా, మెగ్గర్ పెడితే ఫెయిల్ చూపిస్తాంది. ఎందుకట్లా?

ఎక్కువ మంది అడిగేది ఇదే. మెగ్గర్ అంటే ఎక్కువ వోల్టేజీ పెట్టి ఇన్సులేషన్ (కరెంటు పక్కకు లీక్ కాకుండా ఆపే గుణం) కొలిచే మీటరు. ఈ కారణంగానే బాగున్న బాక్సులు చెత్తలో పడుతున్నాయి.

బిళ్ళ మీద 14డి431కె అని ఉందనుకుందాం. 14 అంటే బిళ్ళ వ్యాసం మిల్లీమీటర్లలో. 431 అంటే 43 పక్కన ఒక సున్నా, అంటే 430 వోల్ట్లు. ఆ వోల్టేజీ దగ్గర బిళ్ళ గుండా 1 మిల్లీ యాంపు పోతుందని అర్థం. చివరి కె అంటే అటూ ఇటూ 10 శాతం తేడా ఉండొచ్చని. కాబట్టి అసలు విలువ 387 నుంచి 473 వోల్ట్ల మధ్యలో ఎక్కడైనా ఉంటుంది.

ఇప్పుడు మెగ్గర్‌ను 500 వోల్ట్లలో పెట్టి, ఫేజు, న్యూట్రల్ కలిపి ఎర్త్‌కు కొలిస్తే ఏమవుతుంది? 500 అనేది బిళ్ళ హద్దుకు పైన. బిళ్ళ తన పని తాను చేస్తుంది, కరెంటు వదులుతుంది. చాలా మెగ్గర్లు 1 మిల్లీ యాంపు, కొంచెం అటూ ఇటూగా మాత్రమే ఇవ్వగలవు. ఆ కరెంటు పారగానే మెగ్గర్ వోల్టేజీ 500 దగ్గర నిలవలేక 430 చుట్టుపక్కలకు దిగుతుంది. 430 వోల్ట్లను 1 మిల్లీ యాంపుతో భాగిస్తే 0.43 మెగా ఓమ్‌లు. 1 మెగా ఓమ్ కంటే తక్కువ కాబట్టి పేపరు మీద ఫెయిల్. నిజానికి ఆ 0.43 ఇన్సులేషన్ రీడింగు కానే కాదు, బిళ్ళ బతికే ఉందని చెప్పే రీడింగు. 471 రకం బిళ్ళ అయితే 0.47 దగ్గర వస్తుంది. మెగ్గర్ 2 మిల్లీ యాంపుల దాకా ఇచ్చే రకమైతే రీడింగు ఇందులో సగానికి దిగుతుంది.

మరి 250 వోల్ట్లలో చేస్తే సరిపోతుందా? ఎట్లా చేయాలి?

సరిపోతుంది, అదే పద్ధతి కూడా. 431 రకం బిళ్ళ 350 వోల్ట్ల డీసీ దాకా ఎంతసేపైనా తట్టుకుంటుంది. 250 దగ్గర దాని గుండా పోయేది కొన్ని మైక్రో యాంపులే.

ముందు ఒక చిన్న బోర్డు తయారు చేసుకోండి. చెక్క మీద 6 యాంపుల సాకెట్ ఒకటి బిగించి, దాని వెనక ఫేజు, న్యూట్రల్ స్క్రూలను 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ముక్కతో కలిపేయండి. అక్కడి నుంచి ఎర్ర వైరు, ఎర్త్ స్క్రూ నుంచి పచ్చ వైరు బయటికి తీసి క్లిప్పులు పెట్టండి. టెస్టు చేయాల్సిన బాక్సు ప్లగ్గును ఈ సాకెట్లో గుచ్చాలి. ఇదే పనిని ప్లగ్ టాప్‌తో చేయకండి. ఫేజు, న్యూట్రల్ కలిపేసిన ప్లగ్ టాప్ బల్ల మీద పడి ఉంటే, ఎవరో ఒకరు దాన్ని గోడ సాకెట్లో పెట్టి తీరతారు. సాకెట్ బోర్డుతో ఆ భయం లేదు.

బాక్సు మీది స్విచ్చులన్నీ ఆన్ చేయండి. ఆఫ్‌లో ఉంటే ఫేజు పట్టీ టెస్టులోకే రాదు, కేబులు వరకే కొలిచినట్టు. మెగ్గర్ 250లో పెట్టి, ఎర్ర క్లిప్పుకూ పచ్చ క్లిప్పుకూ మధ్య కొలవండి. అంకె నిలబడే దాకా బటన్ పట్టుకోండి. లోపల కెపాసిటర్లు ఉంటే మొదట తక్కువ చూపించి మెల్లగా పైకి పోతుంది. బటన్ వదిలాక కొన్ని సెకన్లు ఆగి క్లిప్పులు తీయండి, ఆ కెపాసిటర్లలో చార్జి మిగిలి ఉంటుంది.

1 మెగా ఓమ్ కంటే పైన ఉంటే పాస్. అయితే మంచి బాక్సు 20, 50, 100 ఇట్లా చూపిస్తుంది. 1.2 చూపించి పాస్ అయిన బాక్సును నమ్మకండి. దాన్ని విప్పి చూడండి.

250లో కూడా 0.4, 500లో కూడా 0.4 వచ్చిందంటే అది బిళ్ళ చేసే పని కాదు. తేమో, దుమ్మో, కాలిన ప్లాస్టిక్కో రెసిస్టర్ మాదిరి లీక్ అవుతోందని. తాడిపత్రి వైపు బండల పాలిష్ యూనిట్లలో తడి రాతిపిండి సాకెట్ రంధ్రాల్లోకి దిగి గట్టిపడితే ఇదే జరుగుతుంది. ఆదోని పత్తి మిల్లుల్లో అయితే దూది పీచు. పొడిగా ఉన్నంతవరకు మెగ్గర్‌కు దొరకదు గానీ, లూజు కాంటాక్టు దగ్గర నిప్పురవ్వ పడితే మొదట అంటుకునేది అదే. రెండు చోట్లా బాక్సు విప్పి, బ్రష్‌తో దులిపి, ఆరబెట్టి మళ్ళీ కొలవాలి.

ఇంకొక మినహాయింపు ఉంది. ఎర్త్ సరిగా ఉందని చూపించే లైటున్న బాక్సుల్లో ఫేజు నుంచి ఎర్త్‌కు ఒక రెసిస్టర్, నియాన్ బల్బు ఉంటాయి. నియాన్ 90 వోల్ట్ల లోపే వెలుగుతుంది కాబట్టి 250లోనూ రీడింగు కిలో ఓమ్‌లకు పడిపోతుంది. అట్లాంటి బాక్సుకు మెగ్గర్ పనికిరాదు. లీకేజీ కరెంటు కొలిచి తేల్చాలి.

500లో పెట్టినా 200 మెగా ఓమ్‌లు చూపించింది. అంటే ఫస్ట్ క్లాస్ బాక్సేనా?

ఇన్సులేషన్ వరకు ఫస్ట్ క్లాసే. సర్జ్ ప్రొటెక్షన్ గురించి మాత్రం అనుమానపడాలి. ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడింటి మధ్యా రక్షణ అని అట్టపెట్టె మీద రాసి ఉన్న బాక్సు 500 దగ్గర చెక్కుచెదరలేదంటే కారణం నాలుగింట్లో ఒకటి. ఎర్త్ వైపు బిళ్ళలే పెట్టలేదు. లేదా పెట్టారు, కానీ వాటిని కాపాడే థర్మల్ ఫ్యూజు (వేడికి తెగే ఫ్యూజు) ఎప్పుడో పోయింది. లేదా బిళ్ళతో వరుసలో గ్యాస్ ట్యూబ్ ఉంది, అది 500కు తెరుచుకోదు. లేదా 621 లాంటి పెద్ద వోల్టేజీ బిళ్ళ వాడారు. చివరి రెండూ మంచివే. మూత విప్పకుండా ఏదో చెప్పలేం.

అందుకే రిజిస్టర్లో పాస్, ఫెయిల్ అని రాసి ఊరుకోకుండా, 250 రీడింగు, 500 రీడింగు రెండూ అంకెల్లో రాసుకోండి. పోయిన ఏడాది 500 దగ్గర 0.44 చూపించిన బాక్సు ఈ ఏడాది 200 చూపిస్తే, బాక్సు బాగుపడలేదు. బిళ్ళ సర్క్యూట్ నుంచి ఊడిపోయింది.

500లో ఒకసారి పెడితే బిళ్ళ పాడవుతుందా?

పాడవదు. 1 మిల్లీ యాంపు దానికి లెక్కే కాదు, ఫ్యాక్టరీలో దాన్ని కొలిచేదే ఆ కరెంటుతో. నిమిషాల తరబడి పట్టుకోకుండా రెండు మూడు సెకన్లు చాలు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య మాత్రం 500 పెట్టకండి. ఇండికేటర్, యూఎస్‌బీ చార్జర్ సర్క్యూట్లు అక్కడే ఉంటాయి. రీడింగుకు అర్థం ఉండదు, చార్జర్ పోయే ప్రమాదం ఉంది.

మెగ్గర్ లేదు, మల్టీమీటరే ఉంది. ఏమేం చూడొచ్చు?

ఇన్సులేషన్ తప్ప మిగతావన్నీ. మల్టీమీటర్ ఓమ్ రేంజిలో ఇచ్చేది కొన్ని వోల్ట్లే కాబట్టి బిళ్ళా కదలదు, నియానూ కదలదు. ఎర్త్‌కూ ఫేజుకూ మధ్య ఓపెన్ చూపించిందంటే పూర్తి షార్ట్ లేదని మాత్రమే అర్థం. తడిసిన బాక్సును మల్టీమీటర్ పాస్ చేసేస్తుంది.

ఎర్త్ కంటిన్యూటీ ఎన్ని ఓమ్‌లు రావాలి?

ఎర్త్ కంటిన్యూటీ అంటే ప్లగ్గు ఎర్త్ పిన్ను నుంచి సాకెట్ ఎర్త్ దాకా దారి తెగకుండా ఉండడం. 0.1 ఓమ్, దానికి కేబులు రెసిస్టెన్సు కలపండి. మెత్తటి రాగి కేబులుకు మీటరుకు లెక్క ఇది: 0.75 చదరపు మిల్లీమీటర్లకు 26 మిల్లీ ఓమ్‌లు, 1.0కు 19.5, 1.5కు 13.3. రెండు మీటర్ల 0.75 కేబులున్న బాక్సుకు 0.1, 0.052 కలిపి 0.15 ఓమ్ దాకా ఒప్పుకోవచ్చు. అయిదు మీటర్లదైతే 0.23.

మల్టీమీటర్‌తో కొలిచేటప్పుడు ముందు రెండు ప్రోబులను ఒకదానికొకటి గట్టిగా ఆనించి, వచ్చిన అంకెను తీసేయాలి. మామూలుగా 0.2 నుంచి 0.5 దాకా ప్రోబులదే ఉంటుంది. అది తీసేయకపోతే ప్రతి బాక్సూ ఫెయిలే.

సాకెట్ రంధ్రంలోకి ప్రోబు గుచ్చి తిప్పొద్దు. షటర్ దెబ్బతింటుంది, కాంటాక్టూ సరిగా దొరకదు. పాత 6 యాంపుల ప్లగ్ టాప్ తీసుకుని, దాని ఎర్త్ పిన్నుకు మాత్రమే పచ్చ వైరు బిగించి, మిగతా రెండు పిన్నులు ఖాళీగా వదిలేయండి. దాన్ని ఒక్కో సాకెట్లో గుచ్చుతూ, బాక్సు ప్లగ్గు పెద్ద పిన్నుకు కొలుస్తూ పోండి. ఆరు సాకెట్లుంటే ఆరూ కొలవాలి. లోపలి ఎర్త్ పట్టీ మధ్యలో రివిట్ వదులైతే మొదటి మూడు బాగుండి, చివరి మూడు ఎర్త్ లేకుండా ఉంటాయి.

కొలుస్తున్నప్పుడే కేబులును ప్లగ్గు మెడ దగ్గర, బాక్సులోకి పోయే చోట నాలుగు వైపులా వంచి చూడండి. అంకె ఎగిరెగిరి పడితే లోపల తీగలు తెగుతున్నాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. తీగలన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా మల్టీమీటర్ చక్కగా పాస్ చెబుతుంది, ఎందుకంటే అది పంపేది చాలా తక్కువ కరెంటు. 10 లేదా 25 యాంపులు పంపే టెస్టర్ ఉంటే ఆ ఒక్క పోగు అక్కడే కాలి నిజం బయటపడుతుంది. అది లేని చోట వంచి చూడడమే దిక్కు.

కళ్ళతో చూసి పట్టుకోగలిగేవి ఏవి?

సగానికి సగం లోపాలు మీటర్ తీయకముందే దొరుకుతాయి. ప్లగ్గు పిన్నులు నల్లబడ్డాయా, సాకెట్ రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ పసుపు తిరిగిందా చూడండి. కేబులు పైతోలు ప్లగ్గులోకి పూర్తిగా పోయిందా, లేక లోపలి రంగు వైర్లు బయటికి కనిపిస్తున్నాయా చూడండి. కేబులు పొడవంతా వేళ్ళ మధ్య జారనిస్తే ఎలుక పండ్ల గాట్లు, కుర్చీ కాలు పడి నలిగిన చోట్లు దొరుకుతాయి.

ప్లగ్గు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 1293 అనే నంబరు, కేబులు మీద ఐఎస్ 694 ఉండాలి. గుర్తు కింద ఉండే సీఎం/ఎల్ లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ లైసెన్సు ఎవరిదో, అమల్లో ఉందో లేదో చూపిస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గు చూసి మూడు వైర్లు ఉన్నాయని అనుకోవద్దు. కొన్నిటిలో పిన్ను మూడోది ఉంటుంది, వైర్లు రెండే ఉంటాయి. ఎర్త్ కంటిన్యూటీ టెస్టులో ఇవి మొదటి రీడింగుకే దొరికిపోతాయి.

బాక్సును తలకిందులు చేసి ప్రతి సాకెట్లో ఒక ప్లగ్గు పెట్టండి. జారి పడిందంటే లోపలి స్ప్రింగు పట్టు పోయినట్టే.

ఫేజు ఏ వైపు ఉండాలి?

సాకెట్‌ను ఎదురుగా చూస్తే, ఎర్త్ రంధ్రం పైన ఉన్నప్పుడు, ఫేజు కుడి వైపు, న్యూట్రల్ ఎడమ వైపు. ప్లగ్గును పిన్నులు మీ వైపు తిప్పి, పెద్ద పిన్ను పైకి పెట్టి చూస్తే ఫేజు ఎడమ వైపు కనిపిస్తుంది. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి, స్విచ్ ఆన్ చేసి, ప్లగ్గు ఫేజు పిన్ను నుంచి ప్రతి సాకెట్ కుడి రంధ్రానికి చూడండి. తర్వాత స్విచ్ ఆపండి. బీప్ ఆగాలి. ఆగకుండా న్యూట్రల్ వైపు తెగితే స్విచ్చు తప్పు వైరులో ఉంది. స్విచ్ ఆపినా సాకెట్లో ఫేజు అట్లాగే ఉంటుందన్నమాట.

కంప్యూటర్ క్యాబినెట్ మీద చేయి పెడితే జివ్వుమంటాంది. బాక్సు మార్చాల్నా?

బాక్సు మారిస్తే పోదు. గోడ సాకెట్లో ఎర్త్ లేదు. అదే అసలు జబ్బు.

కంప్యూటర్ లోపలి పవర్ సప్లై అయిన ఎస్‌ఎంపీఎస్‌లోనూ, కొన్ని స్పైక్ గార్డుల్లోనూ ఫేజు నుంచి ఎర్త్‌కు ఒకటి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటి గుండా వచ్చే కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ తెగితే ఆ మధ్య బిందువు 230లో సగం, అంటే 115 వోల్ట్ల దగ్గర వేలాడుతుంది. క్యాబినెట్ దానికే కలిసి ఉంటుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది, మల్టీమీటర్ 100, 110 చూపిస్తుంది. కడప బండల నేల మీద చెప్పుల్లేకుండా, తుడిచిన తడి ఆరకముందే నిలబడితే ఇంకా బాగా తెలుస్తుంది.

4.7 నానో ఫారడ్ కెపాసిటర్‌కు లెక్కేస్తే 0.34 మిల్లీ యాంపు వస్తుంది. ఒక్కదానితో ప్రాణాపాయం లేదు. కానీ ఒకే బాక్సుకు ఆరు యంత్రాలు తగిలిస్తే ఆరింటి కరెంటూ అదే ఎర్త్ పట్టీ మీద కలుస్తుంది. పైగా ఎర్త్ లేని బాక్సులో ఏదో ఒక యంత్రం నిజంగా షార్ట్ అయితే, మిగతా అయిదింటి బాడీల మీదికీ 230 వస్తుంది. పెద్ద పిన్ను విరగ్గొట్టడం, రెండు పిన్నుల అడాప్టర్ పెట్టడం దీనికి మందు కాదు.

గోడ సాకెట్లో ఎర్త్ ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది?

ఇది కరెంటు ఉండగా చేసే పని, జాగ్రత్త. మల్టీమీటర్ ఏసీ వోల్ట్లలో పెట్టి ఫేజు నుంచి న్యూట్రల్, ఫేజు నుంచి ఎర్త్, న్యూట్రల్ నుంచి ఎర్త్ కొలవండి. మొదటి రెండూ దాదాపు సమానంగా, మూడోది రెండు మూడు వోల్ట్ల లోపు ఉండాలి. మూడోది పదుల్లో ఉంటే ఎర్త్ బలహీనం లేదా తెగింది.

ఒక్కోసారి మల్టీమీటర్‌కు బలహీనమైన ఎర్త్ కూడా బాగానే కనిపిస్తుంది. తేల్చాలంటే లోడు పెట్టాలి. ఈ పని వైర్‌మన్‌కు వదిలేయడం మంచిది. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెడితే 0.43 యాంపు పోతుంది. ఫేజు, ఎర్త్ మధ్య 230 ఉన్నది 210కి పడితే, 20ని 0.43తో భాగించి 46 ఓమ్‌లు. అది చాలా ఎక్కువ, 5 లోపు ఉంటే మంచిది. ఆర్‌సీసీబీ (ఎర్త్‌కు కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్చు) ఉంటే ఈ బల్బు పెట్టగానే అది పడిపోతుంది, ఎర్త్ ఉందనడానికి అదే రుజువు. ఎర్త్ వైరు మధ్యలో తెగి ఉంటే మాత్రం బల్బు గుండా 230 మిగతా యంత్రాల బాడీల మీదికి వస్తుంది. ముందే అన్ని ప్లగ్గులూ పీకి, ఎవరూ దేన్నీ ముట్టుకోకుండా చూసుకోవాలి.

మన దగ్గర ఎండాకాలం కథ వేరు. అనంతపురం ఎర్ర నేల, రాతి నేల ఎండిపోతే ఎర్త్ రెసిస్టెన్సు పెరిగిపోతుంది. కర్నూలు రేగడి తడిగా ఉన్నప్పుడు మంచి ఎర్త్ ఇస్తుంది, ఏప్రిల్‌కు బీటలిచ్చి పైపును వదిలేస్తుంది. వానాకాలంలో కొలిచిన అంకెను మే నెలలో నమ్మకండి. ఎర్త్ గుంతకు వారానికి రెండు బిందెలు పోయడం ఇప్పటికీ చవకైన మరమ్మతు.

ల్యాబులో ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతాంది. స్పైక్ గార్డులే కారణమా?

ఒక్కటి కాదు, అన్నీ కలిసి. 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ 15 దాటినప్పటి నుంచి ఎప్పుడైనా పడొచ్చు. మామూలుగా నడిచేటప్పుడు లీకేజీ 9 దాటకుండా చూసుకోవాలని లెక్క. కంప్యూటర్, మానిటర్, స్పైక్ గార్డు కలిపి సెట్టుకు 0.7 మిల్లీ యాంపు అనుకుంటే 20 సెట్లకు 14. ఇంకేముంది, ఉదయం కరెంటు వచ్చి అన్నీ ఒకేసారి ఆన్ కాగానే పడుతుంది.

ఇదీ కరెంటు ఉండగా చేసే పనే, జాగ్రత్త. లీకేజీ క్లాంప్ మీటర్‌తో ఫేజు, న్యూట్రల్ రెండు వైర్లనూ కలిపి పట్టుకుని కొలవండి. ఒక్కో బాక్సు పీకుతూ పోతే అంకె సమానంగా తగ్గాలి. ఏదో ఒకటి పీకగానే 3, 4 తగ్గితే దోషి అదే: బిళ్ళ ముసలిదై లీక్ అవుతోంది. అంతా సమానంగా తగ్గితే బాక్సుల తప్పు లేదు, ల్యాబును రెండు మూడు ఆర్‌సీసీబీల మీదికి విడగొట్టాలి. ఆర్‌సీసీబీ తీసేసి ఎమ్‌సీబీ (ఓవర్‌లోడుకు, షార్టుకు మాత్రమే పడే స్విచ్చు) పెట్టడం మాత్రం చేయొద్దు.

బిళ్ళ ఎన్నేళ్ళు ఉంటుంది? ఎందుకు కాలిపోతుంది?

సంవత్సరాల లెక్క కాదు, తిన్న దెబ్బల లెక్క. ప్రతి సర్జ్‌తో కొంచెం కొంచెం అరుగుతుంది. దాని వోల్టేజీ మొదటి విలువ నుంచి 10 శాతం మారిందంటే ఆయుష్షు తీరినట్టు. కిందికి దిగే కొద్దీ మామూలు వోల్టేజీకే లీక్ అవుతుంది, వేడెక్కుతుంది, వేడికి ఇంకా లీక్ అవుతుంది. చివరకు షార్ట్ అయి మండుతుంది. పక్కనే అంటుకుని ఉండే థర్మల్ ఫ్యూజు అంతకు ముందే తెగాలి. చవక బాక్సుల్లో ఆ ఫ్యూజు ఉండదు.

పిడుగు కంటే ఎక్కువ బిళ్ళల్ని చంపేది తెగిన న్యూట్రల్. 431 రకం బిళ్ళ ఏసీలో 275 వోల్ట్ల వరకే. త్రీ ఫేజ్ లైనులో న్యూట్రల్ తెగి ఇంట్లోకి 350 వచ్చిందంటే దాని పీక్ 495. ప్రతి అర్ధ చక్రంలో బిళ్ళ తెరుచుకుంటూనే ఉంటుంది. సర్జ్‌ను మైక్రో సెకన్లు తట్టుకునే వస్తువు నిమిషాల పాటు తట్టుకోదు. వోల్టేజీ ఎక్కువ తక్కువలు బాగా ఉన్న పల్లెల్లో 511 లేదా 621 బిళ్ళలున్న బాక్సు మన్నుతుంది. సర్జ్‌ను అవి కొంచెం ఎక్కువ వోల్టేజీ దగ్గర పట్టుకుంటాయి, ఆ మాత్రం రాజీ తప్పదు.

ప్రొటెక్షన్ లైటు వెలుగుతోంది. ఇంకా టెస్టెందుకు?

చాలా బాక్సుల్లో అది కరెంటు వచ్చిందని చెప్పే లైటే. బిళ్ళతో సంబంధమే లేదు. నిజంగా బిళ్ళకు, థర్మల్ ఫ్యూజుకు కలిపిన లైటా కాదా అనేది లోపల వైరు చూస్తేనే తెలుస్తుంది.

6 యాంపుల బాక్సుకు ఎంత లోడు? వేడి టెస్టు ఎట్లా?

230ని 6తో గుణిస్తే 1380 వాట్లు, అన్ని సాకెట్లూ కలిపి. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్వు ఒక్కటే 8.7 యాంపులు. కేబులు 6 యాంపుల బాక్సుకు 0.75, 16 యాంపుల దానికి 1.5 చదరపు మిల్లీమీటర్లు ఉండాలి. కేబులు చుట్ట చుట్టి వాడొద్దు, బాక్సులో బాక్సు గుచ్చొద్దు.

వేడి టెస్టు కూడా కరెంటు ఉండగా చేసే పనే, జాగ్రత్త. దీనికి 1000 వాట్ల కాయిల్ స్టవ్వు మంచిది. ఇస్త్రీ పెట్టె వద్దు, థర్మోస్టాట్ మధ్యలో ఆపేస్తూ ఉంటుంది. చివరి సాకెట్లో పెట్టి అరగంట నడపండి. గోడ సాకెట్ దగ్గరి వోల్టేజీకీ బాక్సు చివరి సాకెట్ దగ్గరి వోల్టేజీకీ తేడా చూడండి. మూడు మీటర్ల 0.75 కేబులుకు, 4.35 యాంపులకు లెక్క ప్రకారం 0.7 వోల్టు పడాలి. 3 వోల్ట్లు పడుతుంటే ఎక్కడో కాంటాక్టు వదులుగా ఉంది. ఆ మిగతా 2.3 వోల్ట్లు ఆ ఒక్క చోటే 10 వాట్ల వేడిగా మారుతున్నాయి. సోల్డరింగ్ ఐరన్ ముక్కు లాంటిది ప్లాస్టిక్ పెట్టెలో పెట్టినట్టు. పిన్నుల వేడి గది వేడి కంటే 45 డిగ్రీలకు మించి పెరగకూడదు. మే నెల 43 డిగ్రీల గదిలో ఈ టెస్టు చేస్తే ఆ తేడాను లెక్కలో పెట్టుకోండి.

హైవోల్టేజ్ ఫ్లాష్ టెస్టు చేయొచ్చా?

వద్దు. 2000 వోల్ట్ల టెస్టు ఫ్యాక్టరీలో బిళ్ళలు బిగించకముందు చేసేది. అంగట్లో చేస్తే బిళ్ళలు తెరుచుకుని ట్రిప్ అవుతుంది, తెలిసేది ఏమీ ఉండదు.

పిడుగు నుంచి కాపాడుతుందా?

దూరంగా పడి లైను మీదుగా వచ్చే దాన్నుంచి కొంతవరకు. ఇంటి మీదో పక్క స్తంభం మీదో పడితే ఏ బాక్సూ ఆపదు. టీవీకి డిష్ కేబులు, మోడెమ్‌కు నెట్ కేబులు వేరే దారిలో వస్తాయి, వాటి గుండా వచ్చే సర్జ్‌కు ఈ బాక్సుకు సంబంధం లేదు. ఉరుము వినపడకముందే పీకేయడం మేలు. దామిని యాప్ దగ్గర్లో పిడుగులుంటే చెబుతుంది.

ఎన్నాళ్ళకొకసారి టెస్టు చేయాలి?

ఆఫీసులు, ల్యాబుల్లో ఏడాదికొకసారి, ఉరుముల కాలానికి ముందు మార్చిలో. షెడ్లలో, మిల్లుల్లో ఆరు నెలలకు. దగ్గర్లో పిడుగు పడినా, న్యూట్రల్ తెగినా ఆ వారంలోనే.

కాలిన బిళ్ళ మార్చి మళ్ళీ వాడొచ్చా?

మూత స్క్రూలతో విప్పే రకమై, బోర్డు నల్లబడకుండా ఉంటే మార్చొచ్చు. అదే నంబరు బిళ్ళ, అదే వ్యాసం. థర్మల్ ఫ్యూజు కూడా కొత్తది వేసి బిళ్ళకు ఆనించి, రెండింటి మీదా హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి. ఫ్యూజు కాళ్ళకు సోల్డర్ పెట్టేటప్పుడు వేడికి అదే తెగిపోతుంది, కాలును ముక్కుపటకారుతో పట్టుకుని పెట్టండి. తర్వాత 250లో, 500లో కొలిచి కొత్త అంకెలు రాసుకోండి. బోర్డు మసిబారి ఉంటే వదిలేయండి, ఆ బొగ్గు మీదుగా కరెంటు పాకుతుంది.

ఫెయిలైన బాక్సును ఏం చేయాలి?

ప్లగ్గు దగ్గర కేబులు కత్తిరించండి, అప్పుడే, అక్కడే. ఫెయిల్ అని చీటీ అంటించి మూలన పడేస్తే చీటీ రాలిపోతుంది, బాక్సు మాత్రం వినాయక చవితి పందిరికి బయటికి వస్తుంది.